తాళం వేసిన బానెట్

ఈమధ్య గాజువాక కూడలిలో సిగ్నల్ దగ్గర మా ఆటో ముందు ఆగిన పాత లారీ ఒకటి, మళ్లీ కదలబోతూ మా ముఖాల మీదకు నల్లటి పొగ ఊదింది. పక్కన కూర్చున్న అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది, నేను పెట్టుకోలేదు. పూర్తిగా మండని డీజిల్ వాసన అది. ముక్కుకు తగిలేటప్పుడు కాస్త తియ్యగా ఉండి, గొంతులోకి దిగాక చేదెక్కుతుంది. ఆ వాసన వస్తే చాలు, ఎవరో ఏదో దాస్తున్నారన్న అనుమానం నాలో దానంతటదే లేస్తుంది. ఇన్నేళ్లు పత్రికలో పనిచేసినందువల్ల పట్టుకున్న గుణమని స్నేహితులు అంటారు. నిజానికి ఉద్యోగంలో చేరకముందే, జ్ఞానాపురంలో మా ఇంటి ముందు నిలబడే జీపు దగ్గర అది నాకు అంటుకుంది.

మా ఇల్లు రైలు పట్టాలకూ రేవుకూ మధ్య ఇరుకు సందులో ఉండేది. ఇనుపరాయి మోసుకొచ్చే వ్యాగన్లు పొద్దస్తమానం దొర్లుతుండేవి. ఎండాకాలం గాలి ఇటు మళ్లిందంటే, పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఇటుకరంగుకు తిరిగేది, అరుగు మీద నడిస్తే పాదాల గుర్తులు పడేవి, పెరట్లో ఎండబెట్టిన నెత్తళ్ల చేపల్ని కడగకుండా కూరలో వేస్తే పంటికింద దుమ్ము కరకరలాడేది. క్రిస్మస్ ముందు అమ్మా, పక్కింటి ఆడవాళ్లూ కలిసి గులాబీ పువ్వుల పిండివంట వేసేటప్పుడు తలుపులూ కిటికీలూ మూసి, ఆ ఉక్కలో, కాగే నూనె ముందు చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లు. పిల్లలకు మాత్రం ఆ దుమ్మే ఆటవస్తువు. పాడైపోయిన రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని తాడుకు కట్టి సందు పొడుగునా ఈడ్చుకుపోతే, చివరికి దానికి నల్లటి గడ్డం మొలిచేది; ఎవరి గడ్డం పెద్దదైతే వాళ్లు ఆ పూటకు రాజు.

నాన్న రేవులో టాలీ గుమాస్తా. ఓడలోకి వెళ్లే బస్తాలు సరిగ్గా వెళుతున్నాయా, దారిలో ఏదైనా మాయమవుతోందా అని చూడటమే ఆయన పని. ఆ చూపును ఆయన సాయంత్రం రేవు గేటు దగ్గర వదిలిపెట్టి రాలేకపోయేవాడు. పాలవాడు పోసిన పాలను దీపం ముందు పెట్టి చూసేవాడు. చర్చిలో చందాపళ్లెం తిరుగుతుంటే అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాళ్లు, ఆయన ఒక కన్ను తెరిచి ఉంచేవాడు. దుర్మార్గుడు కాదు, పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడు; కాని లోకమంతా కాస్త కాస్తగా తనను దోచుకుంటోందని ఆయన నమ్మకం.

అలాంటి మనిషి వేలంలో ఒక పాత జీపు కొన్నాడు. పెట్రోలు బండిగా పుట్టి, ఎవరి చేతిలోనో డీజిల్ ఇంజన్ బిగించుకుని, రంగు మీద రంగు వేయించుకుని మా సందులోకి వచ్చింది. దాన్ని నడపడానికి అమ్మ తమ్ముడు ప్రకాశం మావయ్య పార్వతీపురం నుంచి దిగాడు. మావయ్యకు అప్పటికి ఇరవై దాటి ఉంటాయి. ఉంగరాల జుట్టు, ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం. మొదటి రోజే భోజనాల దగ్గర నాన్న అమ్మ ముందే మాట ఇచ్చాడు.

"ఒరే ప్రకాశం, పెట్టిన డబ్బు నాకు తిరిగొచ్చేదాకే ఇది నా బండి. తర్వాత నీదే. నీ పేరు మీద రాసేత్తాను."

మావయ్య ఆ పూట అన్నం సగంలో వదిలేసి వెళ్లి జీపు కడిగాడు. ఊళ్లో ఆయనకు పొలం లేదు, చదువు పదో తరగతి దాటలేదు. ఆయనకంటూ ఉన్నదల్లా ఆ మాట ఒక్కటే.

బండి మాత్రం లాగేది కాదు. సింహాచలం గుడికి పండగ రోజుల్లో జనాన్ని ఎక్కించుకుని కొండదారి పడితే, మలుపు దగ్గర దమ్ము చాలక ఆగిపోయేది. పుణ్యానికి వచ్చిన ముసలమ్మలు దిగి, తిట్టుకుంటూ, గోవిందా అనుకుంటూ వెనకనుంచి తోసేవాళ్లు. అదే బండి కంచరపాలెంలో అప్పన్న మేస్త్రి షెడ్డులో రిపేరు అయిన రోజు మాత్రం గుర్రంలా పరుగెత్తేది. అప్పన్న నాజిల్స్ విప్పి శుభ్రం చేసేవాడు, టాపెట్లు సరిచేసేవాడు, డీజిల్ పంపు మీది స్క్రూ ఇంకాస్త తిప్పి ఇంజనుకు ఎక్కువ డీజిల్ అందేలా చేసేవాడు. నాన్ననే పక్కన కూర్చోబెట్టుకుని ఫ్లైఓవరు దాకా తిప్పి చూపించేవాడు. మర్నాడు మా ఇంటి ముందు నుంచి బయలుదేరేసరికి మళ్లీ పాత కథే. పైగా పొగ మునుపటికంటే నలుపు.

ఇక్కడినుంచి అనుమానాలు మొదలయ్యాయి. ఒక్కరోజే నిలిచే మరమ్మతు చేసి, మళ్లీ మళ్లీ రప్పించుకుంటున్నాడని నాన్న అప్పన్నను అనుమానించాడు. పంపు బోల్టుల మీద ఎర్రరంగు చుక్కలు పెట్టి, షెడ్డునుంచి వచ్చాక అవి అలాగే ఉన్నాయో లేదో భూతద్దంతో చూసేవాడు. అప్పన్న ఊరుకునే మనిషి కాదు.

"బాబూ, నా సేతిలో ఉన్నప్పుడు బాగానే ఎల్తంది గదా. మీ ఇంటికెల్లాకే ఎందుకు సచ్చిపోతంది? మీవోలెవులో డీజిల్లో కిరసనాయిలు కలిపేత్తన్నారు. సూసుకోండి."

"మావోలంటే ఎవుల్రా?" అన్నాడు నాన్న.

"అది నాను సెప్పాలేటి? బండి తోలేది నాను కాదు గదా."

ఆ మాట నాన్న మనసులో మేకులా దిగింది. టాంకు మూతకు తాళం పడింది. తర్వాత బానెట్‌కు రెండు పక్కలా కొండీలు వేయించి, దానికీ తాళం వేశాడు. బండి కొన్నప్పటినుంచీ బానెట్ ఎత్తేది ఆయనొక్కడే; ఇప్పుడు నీళ్లూ నూనే పొద్దున డ్యూటీకి పోయేముందు చూసి, తాళం వేసి, తాళంచెవి మెడలో సిలువతోపాటు దారానికి కట్టుకునేవాడు. సాయంత్రం మావయ్య వచ్చి బండి ఆపగానే, నాన్న చొక్కా విప్పకుండానే వెళ్లి టాంకు దగ్గర ముక్కుపెట్టి వాసన చూసేవాడు. మావయ్య కూనిరాగాలు ఆగిపోయాయి. అమ్మ ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ ఎవరి ముఖమూ చూసేది కాదు. మేం పిల్లలం కూడా ఆ విద్య నేర్చుకున్నాం. మావయ్య బయటికి వెళ్లినప్పుడల్లా ఏ డబ్బా చేతపట్టుకుని వెళుతున్నాడో కిటికీలోంచి గమనించేవాళ్లం.

అప్పట్లో ఉక్కు కర్మాగారం పనులు ఊపందుకుంటున్నాయి. ఒక కంట్రాక్టరుకు సర్వే మనుషుల్ని, వాళ్ల సామానును కొండ మీదకు చేర్చడానికి జీపు కావలసివచ్చింది. నిండు బరువుతో కొండెక్కి చూపిస్తే ఏడాది పొడుగునా అద్దె. ఎక్కకపోతే బండిని పాత ఇనుముకు అమ్మేస్తానని నాన్న ముందురోజే తేల్చి చెప్పాడు. మావయ్య తల ఊపాడు. అమ్ముడుపోయేది బండి ఒక్కటే కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

వేసవి సెలవులు కావడంతో నన్నూ ఎక్కించారు. ముందు సీట్లో నాన్నకూ మావయ్యకూ మధ్య, గేరు రాడ్డుకు మోకాళ్లు తగలకుండా ముడుచుకుని కూర్చున్నాను. వెనక సర్వే మనుషులు, ఇనుప గొలుసులు, మూడుకాళ్ల స్టాండ్లు. సైటు ఇంజనీరు కొండ కింద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎర్రమట్టి బాట, జీడిమామిడి చెట్లు, దూరంగా బుల్డోజర్ల రొద. సగం దూరం మావయ్య ఎలాగో లాక్కొచ్చాడు. తర్వాత ఇంజను గొంతు బొంగురుపోయింది, వెనక నల్లటి పొగ చెట్లనే కప్పేసింది, రేడియేటరు మూతలోంచి ఆవిరి చిమ్మింది. బండి ఆగిపోయింది.

"ఇప్పుడేటంతావు?" అన్నాడు నాన్న, మావయ్య వైపు తిరక్కుండానే. "ఏటి కలిపావురా ఇందల?"

మావయ్య దిగి, చక్రాలకింద రాళ్లు పెట్టి, చెయ్యి చాపాడు. "తాళం ఇయ్యి బావా."

నాన్న ఇవ్వలేదు, తానే దిగి దారం లాగి తాళం తీశాడు. బానెట్ ఎత్తారు. ఆవిరి కాస్త పలచబడ్డాక మావయ్య చూపు ఒక్కచోట ఆగింది. ఇంజనులోకి గాలి పీల్చుకునే గొట్టం మూతికి, రెండు మడతలు వేసిన లుంగీ గుడ్డ పురికొసతో బిగించి కట్టి ఉంది. ఎర్రదుమ్మూ నూనెజిడ్డూ కలిసి అది అట్టలా గట్టిపడిపోయింది.

మా సందులో మంచినీళ్ల కుండ నుంచి కుట్టుమిషను దాకా మూతి ఉన్న ప్రతిదానికీ గుడ్డ కట్టడం అలవాటు. కట్టకపోతే దుమ్ము పోతుంది, పాడవుతుంది. అది మాకు ఊపిరి తీసుకున్నంత మామూలు. నాన్న ఇంజనుకూ అలాగే కట్టాడు. షెడ్డులో గుడ్డ కనబడితే మేస్త్రీలు చేతులు తుడుచుకోవడానికి లాగేసుకుంటారని, అక్కడికి తీసుకుపోయేముందు మాత్రం జాగ్రత్తగా విప్పి ఇంట్లో పెట్టేవాడు. రాగానే మళ్లీ కట్టేవాడు. ఆ రోజు సైటులో దుమ్మెక్కువని ఇంకో మడత కలిపాడు. మొదట్నుంచీ బానెట్ ఎత్తేది ఆయనొక్కడే కావడంతో లోపల ఏముందో మావయ్యకూ తెలియదు, అప్పన్నకూ తెలియదు. ఆర్నెల్లుగా బండికి ఊపిరి ఆడలేదు.

మావయ్య గుడ్డ విప్పాడు. దాంతో చేతులు తుడుచుకుని, జీడిచెట్ల వైపు విసిరేశాడు. ఇంజను చల్లారాక నీళ్లు పోసి, బండి ఎక్కి, గేరు వేశాడు. అప్పన్న పెంచిపెట్టిన డీజిల్‌కు అన్నాళ్లకు తగినంత గాలి దొరికింది. జీపు ఎంత విసురుగా ఎగబాకిందంటే, వెనక మనుషులు ఒకరి మీద ఒకరు పడ్డారు. కొండమీద గాలికి నా జడలు విడిపోయాయి. నాన్న మాత్రం ముందుకే చూస్తూ కూర్చున్నాడు. కిందికి దిగివచ్చాక ఇంజనీరు గొడుగు మూసి, రేపటినుంచి రమ్మని చెప్పాడు.

ఆ సాయంత్రం అమ్మ కోడిని కోసింది. నాన్న పీటమీద కూర్చుని కూర గిన్నె మావయ్య వైపు జరిపాడు; ఆయనకు చేతనైన క్షమాపణ అంతే. బానెట్‌కు తాళం మానేశాడు కూడా. మావయ్య తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున రేకుపెట్టె భుజాన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటిరా ఇది?" అంది అమ్మ. "బండి లాగుతంది గదా. మీ బావ మాట తప్పడు."

"బండి లాగుతాదప్పా. నానే లాగలేను," అన్నాడు మావయ్య తన అక్కతో.

మావయ్య వేరే కంట్రాక్టరు దగ్గర డంపరు నడిపి, కొన్నాళ్లకు ఫ్యాక్టరీలోనే ఖాయం ఉద్యోగం తెచ్చుకుని, ఉక్కునగరం క్వార్టరులో కాపురం పెట్టాడు. జీపును వేరే డ్రైవరు నడిపాడు, తర్వాత దాన్ని అమ్మేశాం. ప్రతి క్రిస్మస్‌కూ బావాబావమరుదులు చర్చిలో ఒకే బల్లమీద కూర్చునేవాళ్లు, వానల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకునేవాళ్లు. జీపు ఊసు ఎత్తేవాళ్లు కాదు. నాన్న పోయినప్పుడు శవపెట్టె మోసినవాళ్లలో ముందు నిలబడింది మావయ్యే.

సిగ్నల్ దగ్గర పొగ పీల్చిన ఆ రోజు నేను వెళుతున్నది ఆయన్ను చూడటానికే. రిటైరయ్యాక గాజువాకలో కట్టుకున్న ఇంట్లో ఉంటున్నాడు. జీడిచెట్ల కొండ ఇప్పుడు ఫ్యాక్టరీ గోడ లోపలుంది, దాని మీదకు ఎవర్నీ పోనివ్వరు. కంచరపాలెంలో అప్పన్న షెడ్డు చోట సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. వాకిట్లో మావయ్య కొడుకు కొత్త కారు ఉంది. చెడిపోతే కంప్యూటరు తగిలిస్తారట, మనిషి వంగి చూసేది ఏమీ లేదట.

మాటల్లో ఆ కొండ ప్రస్తావన నేనే తెచ్చాను. మావయ్య కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు.

"అమ్మలూ, ఒకటడుగుతాను. పెట్టిన డబ్బొచ్చాక బండి నా పేర రాసేత్తానన్నాడు గదా మీ నాన్న. ఆ గుడ్డ దుమ్ముకేనా కట్టాడు, బండి లాగకుండానా?"

"దుమ్ముకే మావయ్యా," అన్నాను. "ఆయనకు తెలీక."

"రేవులో అంత సూపున్న మనిసికి తెలీదా?"

నాకు తెలిసినంతవరకు నేను చెప్పింది నిజం. నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు, నాన్నను అడగటానికి వీల్లేదు. "నాకు తెలుసు మావయ్యా," అన్నాను మళ్లీ.

ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. కాని కళ్లు నా ముఖం మీంచి తీయలేదు. నువ్వు ఆయన కూతురివే కదా, అన్నట్టు చూస్తూనే ఉన్నాడు.