గేటు దగ్గర ఆగిన టీచరమ్మ

ఢిల్లీలో కొత్త మంత్రులు ఒక్కొక్కరే ప్రమాణం చేస్తున్నారు. మాదాపూర్‌లో మా ఆఫీసులో అందరం, ఏ పార్టీకి ఏ శాఖ దక్కుతుందా అని టీవీకి అతుక్కుపోయి ఉన్నాం. అప్పుడే ఫోన్ మోగింది. "అమ్మ పోయింది అక్కా," అంది టీచరమ్మ కూతురు.

టీచరమ్మ అంటే మదీనాగూడలో అంగన్‌వాడీ టీచర్. ఎన్నికలొస్తే మా బూత్ ఓటర్ల జాబితా ఆవిడ చేతిలో ఉండేది. మీ ఇంటికీ అలాంటి ఒకావిడ వచ్చే ఉంటారు, భుజానికి గుడ్డసంచి, చేతిలో రిజిస్టరు. మీరు తలుపు తీశారో లేదో తెలియదు. మేం చాలాసార్లు తీయలేదు.

భీమవరం నుంచి వచ్చిన కొత్తలో, అద్దె ఇల్లు కదా, ఇక్కడ ఓటెందుకులే అన్నాను. "కిరాయి ఇల్లైతే ఏంది బిడ్డా, నువ్వు ఈడ ఉంటలేవా?" అని దగ్గరుండి ఫారం నింపించారు. ఈ ఊళ్లో నన్ను మనిషిగా లెక్కేసిన మొదటి మాట అది.

ఓటరు చీటీలు గార్డుకిచ్చి వెళ్లమంటే ఒప్పుకునేవారు కాదు. "ఎవరిది వాళ్ల చేతికే ఇయ్యాలె" అనేవారు. పైఅంతస్తు తాతగారు పోయినప్పుడు ఆయన పేరు కొట్టేయడానికి వచ్చి, ముందు పెన్సిల్‌తో సన్నగా గీత గీశారు. "పెన్నుతోటి తర్వాత కొడ్త. ఇంట్లోళ్లకు జర టైం గావాలె." మామ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశారు.

ఈసారి పోలింగుకు వారం ముందు, మిట్టమధ్యాహ్నం వచ్చారు. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు ఫోన్‌లో 'అనుమతించు' నొక్కితే తప్ప గేటు తెరవరు. గార్డు ఆవిడ ఫొటో తీసి అన్ని ఫ్లాట్లకూ పంపాడు. నేను మీటింగులో ఉన్నాను. చూశాను. ఆగుతారులే అనుకున్నాను. అందరమూ అదే అనుకున్నట్టున్నాం. తీరిగ్గా నొక్కితే, సమయం మించిపోయిందని వచ్చింది. అప్పటికే వడదెబ్బకు పడిపోయిన మనిషిని గార్డు ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాడు.

పోలింగు ముందురోజు చూడడానికి వెళ్లాను. "క్షమించండి టీచరమ్మగారూ" అన్నాను. ఆవిడ తలగడ కింద నుంచి నా చీటీ, రిజిస్టరు తీశారు.

"ఫికర్ చెయ్యకు. పని మీద ఉంటివేమో. ఇగో, ఈడ సంతకం పెట్టు."

ఫలితాల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. ఇక్కడ ఆ ఎండకు ఆవిడ కిడ్నీలు దెబ్బతిన్నాయి. వెళ్లినప్పుడల్లా "సర్కారు కుదిరిందా?" అని అడిగేవారు. ఇంకా మాట్లాడుకుంటున్నారండీ అని చెప్పేదాన్ని. ఒకసారి నవ్వారు. "గన్ని పార్టీలు ఒక్కటైతున్నయి. మీ అపార్ట్‌మెంట్ల ఒక్కరన్న గేటు తెరిపియ్యకపోతిరి."

కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. పెద్దాసుపత్రికి మారుద్దామని పరుగెత్తాను, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. ఆలస్యమైపోయిందన్నారు డాక్టర్లు. సర్కారు కుదిరిందని చెబుదామని, ప్రమాణాల రోజు సాయంత్రం వెళ్లాలనుకున్నాను.

ఆ నోటిఫికేషన్ నా ఫోన్‌లో ఇంకా ఉంది. తలమీద కొంగు కప్పుకుని, ఎండకు కళ్లు చికిలించి, ఫొటో తీస్తున్నారని కాస్త నవ్వుతూ టీచరమ్మ. కింద 'అనుమతించు' అని బటన్. రోజుకొకసారైనా నొక్కుతున్నాను.