మా టీచరమ్మ కలం పేరు

మా టీచరమ్మ పోయారు. జగ్గయ్యపేట నుంచి వాళ్ళ తమ్ముడుగారు ఫోన్ చేసేసరికి నేను నందిగామ కోర్టు వరండాలో నా క్లయింటు గట్టు తగాదా కేసు పిలుపు కోసం ఎదురుచూస్తున్నాను. "అక్కని ప్రభువు పిలుచుకున్నాడండి" అన్నారాయన. పొద్దున టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని గదిలోకి వెళ్ళారట. అంతే. నేను "అప్పీలు ఇంకా బెంచి మీదికి రాలేదండి" అన్నాను. చావు కబురు చెబితే అనాల్సిన మాటేనా అది? కానీ కొన్నేళ్ళుగా ఆమె నన్ను చూడగానే అడిగే మాట అదే, నేను చెప్పే జవాబూ అదే. ఆయన ఏమీ అనుకోలేదు. "ఇంకెందుకులెండి" అని ఫోన్ పెట్టేశారు.

మీలో నలభై దాటిన ఆడవాళ్ళు చాలామంది ఆమె నవలలు చదివే ఉంటారు. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చినవి, అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగినవి. కలం పేరు చెబితే "అయ్యో, ఆవిడా!" అంటారు. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే నేరమేమీ కాదు, చట్టం అంత దూరం రాదు. కానీ ఇవాళ ఆ పేరు ఎక్కడ కనపడినా విజయవాడలో ఒక పుస్తకాల కంపెనీకి ఉచిత ప్రకటన. నా చేత్తో నేను ఆ పని చేయను. నాకు ఆమె టీచరమ్మ, అది చాలు.

జగ్గయ్యపేట ఎయిడెడ్ స్కూల్లో ఏడో తరగతిలో నాకు తెలుగు చెప్పారు. గంజి పెట్టిన నేత చీర, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. వ్యాసాలు దిద్దాక బాగున్నదాన్ని క్లాసులో చదివి వినిపించేవారు. చదివేముందు అది రాసిన పిల్లనో పిల్లాణ్ణో లేపి నిలబెట్టేవారు. "ముందు వీణ్ణి చూడండి. తర్వాత వినండి" అనేవారు. సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళం. గైడులోంచి దించినవాళ్ళని కూడా లేపేవారు, అది వేరే సంగతి. "తప్పులు రాసినా నీ తప్పులే రాయరా. పక్కవాడి ఒప్పులు నాకొద్దు" అనేవారు. నేను ఈ నాలుగు వాక్యాలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే.

టీచరు నవలలు రాస్తుందని తెలిస్తే మేనేజ్‌మెంటు ఊరుకోదని కలం పేరు పెట్టుకున్నారు. సగం వాళ్ళమ్మ పేరులోది, సగం ఊరి పక్క వాగు పేరులోది. విజయవాడలో ఒక పబ్లిషరు ఆమె నవలలన్నీ ఆ పేరుతో వేశాడు. పెద్దాయన మంచివాడే. అప్పట్లో పద్ధతి అలా ఉండేది. రాసినవాళ్ళు రాతప్రతి చేతికిస్తారు, పబ్లిషరు "సర్వహక్కులూ మావే" అని వేసుకుంటాడు. పేరు ఎవరిదని ఎవరూ అడగరు. పేరుకి కూడా పట్టా ఉంటుందని ఎవరికి తెలుసు? ఒకే పేరు వెనక ఇద్దరు ముగ్గురు రాయడం కూడా ఆ రోజుల్లో మామూలే. చదివేవాళ్ళకి తెలిసిన పేరు కావాలి, పబ్లిషరుకి నెలకో పుస్తకం కావాలి.

ఆ పద్ధతిలోనే ఆమె ఒక మంచిపని చేశారు. అదే చివరికి కొంప ముంచింది. స్కూల్లో కుట్టు టీచరు ఉండేది. సాయిబుల ఇంటి కోడలు, భర్త లారీ డ్రైవరు. కుట్టుమెషీను పక్కనే కూర్చుని, ఎవరికీ చెప్పకుండా ఒక నవల రాసింది. టీచరమ్మ దాన్ని చదివి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళారు. కొత్త పేరుతో వేస్తే పోదన్నాడాయన. అట్ట మీద తన పేరు పడితే ఇంట్లో గొడవైపోతుందని కుట్టు టీచరూ భయపడింది. "అయితే నా పేరు మీద వేసేయండి" అన్నారు టీచరమ్మ. ఇదేంటక్కా అని తమ్ముడుగారు అడిగితే, "పెళ్ళికెళ్తా చీర అడిగితే ఇవ్వమేంట్రా? పేరూ అంతే. కట్టుకుని మళ్ళీ ఇచ్చేస్తది" అన్నారట. పుస్తకం వచ్చింది, బాగా పోయింది కూడా. కుట్టు టీచరు దాన్ని బీరువాలో పాత బట్టల కింద దాచుకుని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి చూసుకునేదట. తర్వాత కొన్నేళ్ళకి జబ్బు చేసి పోయింది.

పెద్దాయన కూడా పోయాక కంపెనీ కొడుకు చేతికొచ్చింది. పెద్ద చదువులు చదివినవాడు. గోడౌనులో పుస్తకాల కన్నా ఆ పేరే ఎక్కువ విలువైన ఆస్తి అని కనిపెట్టాడు. సబ్బు పేరూ అగ్గిపెట్టె పేరూ రిజిస్టరు చేయించినట్టే, ఆమె కలం పేరుని కంపెనీ ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించాడు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండని ప్రభుత్వం ఒక జర్నల్లో వేస్తుంది. జగ్గయ్యపేటలో రిటైరైన తెలుగు టీచరు ఆ జర్నల్ తెప్పించుకుని చదువుతుందా? గడువు దాటిపోయింది, పేరు కంపెనీదైపోయింది. ఇక ఎవరెవరి చేతో రాయించి అదే పేరుతో వరసపెట్టి నవలలు దింపాడు.

నందిగామ బస్టాండులో ఒక కొట్లో వేలాడుతున్న తన "కొత్త నవల"ను ఆమె ఒకరోజు చూశారు. కొనుక్కుని, జగ్గయ్యపేట చేరేలోపు బస్సులోనే చదివేశారు. "హీరోయిను పేజీ పేజీకీ నిట్టూరుస్తందిరా. నా ఆడపిల్లలెవరికీ అంత తీరిక ఉండదు" అని నవ్వుతూ చెప్పారు నాకు. నవ్వు అయిపోయాక ఆ పుస్తకాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

ఆ కోపంతోనే కావచ్చు, సగంలో వదిలేసిన నవల ఒకటి పూర్తి చేసి సొంతంగా అచ్చు వేయించుకున్నారు. అట్ట మీద తన కలం పేరు. నెల తిరక్కుండా కంపెనీ లాయరు నోటీసు వచ్చింది. మా ట్రేడ్‌మార్కుని మీరు అనుమతి లేకుండా వాడుతున్నారు, పుస్తకాలన్నీ మాకు అప్పగించండి అని. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, చెట్టుకే నోటీసిచ్చినవాళ్ళని చూడటం అదే మొదలు. ఆమె దాన్ని పట్టుకుని నందిగామలో నా ఆఫీసుకొచ్చారు. "ఒరేయ్ అబ్బాయ్, నా పేరు నేనే దొంగతనం చేశానంట. ఏం చేద్దాం?" అన్నారు.

నేను చూసేవి గట్టు తగాదాలు, భాగాల గొడవలు. పొలానికైతే హద్దురాళ్ళుంటాయి, పక్క రైతులు వచ్చి సాక్ష్యం చెబుతారు. పేరుకి ఎవరు చెబుతారు? చట్టం పుస్తకాలు తిరగేసి చూస్తే, సొంత పేరు వాడుకునేవాణ్ణి ట్రేడ్‌మార్కు చట్టం ఆపదు. కానీ ఆధార్ కార్డులో ఉన్న పేరొకటి, జనం నోట్లో నలిగిన పేరొకటి. చట్టం కార్డు వైపే చూస్తుంది. అయినా ఒక దారి కనపడింది. రిజిస్టరు కాకముందు నుంచీ ఆ పేరంటే జనానికి ఒకే ఒక మనిషి, కంపెనీ కాదు అని రుజువు చేయగలిగితే రిజిస్ట్రేషను నిలవదు. ఆ "ఒకే ఒక మనిషి" మీదే కేసంతా నిలబెట్టాను. నష్టపరిహారం అడుగుదామంటే ఒప్పుకోలేదు. "నేను రాసినదాని మీద నా పేరుండాలి. రాయనిదాని మీద ఉండకూడదు. అంతకు మించి నాకేం వద్దురా" అన్నారు. నేను తెలుగులో రాసిచ్చిన అఫిడవిట్‌ని ఎర్ర పెన్నుతో దిద్ది, "ఇన్ని ‘మరియు’లెందుకురా, మెతుకుల్లో రాళ్ళలాగా" అని సగం కొట్టేశారు.

వాయిదాలకి విజయవాడ వెళ్ళేవాళ్ళం. కేసు తేలేదాకా ఆమె ఆ పేరు వాడకూడదని కోర్టు అప్పటికే ఉత్తర్వు ఇచ్చింది. ఒకరోజు కోర్టులో పనిచేసే టైపిస్టు ఒకావిడ పాత నవల పట్టుకుని పరుగున వచ్చింది. "అమ్మా, మీరేనంట కదా! మా అమ్మ బాలింతగా ఉండి కూడా మీ పుస్తకం వదల్లేదంట. ఒక్క సంతకం పెట్టండమ్మా" అంది. టీచరమ్మ పెన్ను మూత తీసి నా వైపు చూశారు. "పెట్టొచ్చంటావా?" పాత పుస్తకం మీద సంతకానికి ఏ ఉత్తర్వూ అడ్డం కాదు. కానీ అవతలి లాయరు పక్కనే నిలబడి చూస్తున్నాడు, నేను తటపటాయించాను. ఈలోపు ఆమె ఆధార్‌లో ఉన్న పేరు రాసి ఇచ్చేశారు. టైపిస్టు ఆ సంతకాన్ని చూసి, ఆమె మొహం చూసి, "థాంక్సండి" అని నెమ్మదిగా వెళ్ళిపోయింది. ఎవరినో చూసి ఎవరో అనుకున్నానని అనుకుని ఉంటుంది. టీచరమ్మ చాలాసేపు పెన్ను మూత పెట్టలేదు.

తర్వాత ఆమెని బోనులో నిలబెట్టి, అవతలి లాయరు కుట్టు టీచరు నవల చేతికిచ్చాడు.

"ఇదీ ఆ పేరుతో వచ్చిందేగా?"

"అవునండి."

"మీరే రాశారా?"

కుట్టు టీచరు లేదు. పెద్దాయన లేడు. రాతప్రతి ఏనాడో చిత్తుకాగితాల్లో కలిసిపోయింది. కొడుకు ఎప్పుడో తండ్రి నోట విని ఉంటాడు, అంతకు మించి వాళ్ళ దగ్గర ఏమీ లేదు. ఆమె అవునంటే కాదని నిరూపించే నాథుడు లేడు. లాయర్ని అయ్యుండి అనకూడదు గానీ, అవునంటే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది. ఇప్పటికీ కొట్టుకుంటుంది. ఆమె ఆ పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని, "కాదండి. మా స్కూల్లో కుట్టు టీచరు రాసింది. చాలా బాగా రాసింది" అని, ఆ టీచరు పేరు ఇంటిపేరుతో సహా చెప్పారు. అవతలి లాయరు ఇంకో ప్రశ్న వేయకుండా కూర్చున్నాడు.

తిరిగొస్తుంటే కంచికచర్లలో బస్సు ఆగినప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను. "అవునంటే ఏం పోయేది టీచర్? ఆమె ఎటూ లేదుగా."

"లేదు కాబట్టే తీసుకోకూడదురా. చచ్చిపోయినామె వచ్చి అడగదనేగా? రేపు నేను పోయాక వీళ్ళు నాకు చేసేదీ అదే. ఇంక వాళ్ళకీ నాకూ తేడా ఏముంది?"

నందిగామలో నేను దిగుతుంటే, "కోర్టులో ఆమె పేరు తప్పు లేకుండా రాసుకున్నారా?" అని అడిగారు. రాసుకున్నారని చెప్పాను.

తీర్పు అనుకున్నట్టే వచ్చింది. ఆ పేరు వెనక ఒకే మనిషి లేదని ఆమే ఒప్పుకుంది కాబట్టి, అది కంపెనీ సరుకుకి గుర్తే గానీ మనిషికి కాదన్నారు. ఆ నవల రాసిన మనిషిగా కుట్టు టీచరు పేరు తీర్పులో ఉంది. టీచరమ్మ ఆ పేజీ నాతో పైకి చదివించుకుని, బాగుందిరా అన్నారు. నాకేం బాగుండలేదు. అచ్చు వేయించుకున్న నవల కట్టలు కంపెనీ మనుషులు ఆటోలో వేసుకుని పట్టుకెళ్ళారు. "వేరే పేరుతో వేసుకుందాం టీచర్" అంటే, "ఈ వయసులో కొత్త పేరు పెట్టుకుంటే పిలిచేదెవరురా?" అన్నారు. ఆ తర్వాత ఆమె ఒక్క పేజీ రాయలేదు. హైకోర్టులో అప్పీలు వేశాను. నిజం చెప్పాలంటే ఆమె కోసం కాదు, నా ఉడుకు చల్లారడానికి. నేను వెళ్ళినప్పుడల్లా నా మొహం చిన్నబోకూడదని "బెంచి మీదికొచ్చిందా?" అని అడిగేవారు.

నిజం నిలకడ మీద తేలుతుందంటారు. తేలలేదు, మునిగింది. ఆమె చేసిన మంచి ఆపదలో ఆమెని ఆదుకోలేదు, కోర్టులో ఆమెకు ఎదురు సాక్ష్యమైంది. ఈ కథలోంచి నా పిల్లలకి చెప్పుకోవడానికి ఒక్క నీతి దొరకలేదు.

చర్చిలో పాస్టరుగారు ఆమె అసలు పేరుతోనే ప్రార్థన చేశారు. వెనక బెంచీలో ఇద్దరాడవాళ్ళు, "పుస్తకాలు రాసేదంట, ఏం పేరుతోనో" అని గుసగుసలాడుకున్నారు. అదే వారం పేపర్లో కంపెనీ పెద్ద ప్రకటన వేసింది. మీ అభిమాన రచయిత్రి కొత్త నవల ఈ నెలలోనే అని. చావు సంగతి తెలియక కాదు. పోయింది జగ్గయ్యపేట టీచరు, వాళ్ళ రచయిత్రి వాళ్ళ దగ్గర క్షేమంగానే ఉంది.

ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక అయ్యాక తమ్ముడుగారు నన్ను పక్కకి పిలిచారు. "లాయరుగారూ, సమాధి రాయి మీద ఆ పేరు కూడా వేయిద్దామనుందండి. అసలు పేరు చెబితే ఎవరికీ తెలవదు. మళ్ళీ కేసేమన్నా అవుద్దంటారా?"

"అవదండి. సమాధి రాయి అమ్మకపు సరుకు కాదు" అన్నాను. తన పేరు తాను పెట్టుకోవడానికి ఆమెకు మిగిలిన చోటు ఇదొక్కటేనని నా నోటితోనే చెప్పినట్టయింది.

రాళ్ళు చెక్కే ఆయన దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. అక్షరాల తీరు కోసమని తమ్ముడుగారు ముందే ఒక నవల ఇచ్చొచ్చారు. ఇంట్లో చేతికందింది కంపెనీ ఈ మధ్య వేసిన అచ్చు. ఆయన అట్ట మీదున్నది ఉన్నట్టు నల్లరాయి మీద సుద్దతో గీసిపెట్టాడు. ముచ్చటగా ఉన్నాయి అక్షరాలు. పేరు చివర, కాస్త పైన, చిన్న గుండ్రం గీసి అందులో ఇంగ్లీషు ఆర్ అక్షరం కూడా వేశాడు. పేరు తమకు రిజిస్టరైందని కంపెనీ వేసుకునే గుర్తు అది.

"ఇది మరీ చిన్నదిగా ఉందండి, ఉలి పడుద్దో లేదో. ఇదీ చెక్కాలా?" అన్నాడు.

తమ్ముడుగారు నా వైపు చూశారు.

"వద్దు" అన్నాను.

ఆయన బకెట్లోంచి తడిగుడ్డ తీసి ఆ గుండ్రం ఒక్కటే తుడిచేశాడు. ఇన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి నేను చేయలేకపోయిన పని అదే. రాయి ఆరేదాకా ఆ చోటు మిగతా రాయికన్నా నల్లగా కనపడుతూనే ఉంది.