వాన ఆపిన ఆట

నిన్న టీవీలో క్రికెట్ మ్యాచ్ వానకు ఆగిపోయిందని మా మనవడు రిమోట్ విసిరికొట్టాడు. నాకేమో నవ్వు ఆగలేదు.

కంబదూరు దగ్గర మా ఊరికి కబడ్డీ జట్టు ఉండేది. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఏటా పక్కూరి చేతిలో ఓడేది! అయినా మా నాయన, అమ్మ ముగ్గుపిండి డబ్బా ఎత్తుకుపోయి, బరికి గీతలు తనే వేసేవాడు. నేను ఒడినిండా వేయించిన శెనక్కాయలు పోసుకుని వెంట పోయేదాన్ని. ఓడిన పూట నాయన సంగటిముద్ద సగం అట్లే విడిచిపెట్టేవాడు. ఎవరూ పలకరించకూడదు.

ఒక ఏడు మాత్రం మావాళ్లు గెలిచేటట్టే ఉన్నారు. ఇంకొక్క కూత చాలు. అరిచి అరిచి నాయన గొంతు బొంగురుపోయింది. అప్పుడు పడింది వాన! విత్తనాలు ఇంట్లో పెట్టుకుని మొగులు చూసి చూసి విసిగిపోయిన ఊళ్లవి. కూతకు పోయినవాడు సగంలోనే ఆపి, మొహం పైకెత్తి నిలబడ్డాడు. ముగ్గుపిండి గీతలు కరిగిపోయాయి. రెండు జట్లవాళ్లూ ఒకరినొకరు కావలించుకుని గంతులేస్తున్నారు.

నేనొక్కదాన్నే ఏడుస్తున్నా. నాయన ఎత్తుకున్నాడు.

"ఎందుకమ్మా ఏడుస్తాండావు?"

"మనం గెలుస్తాంటిమి కద నాయనా!"

"గెలిచినాము లేమ్మా. పక్కూరోళ్లు గూడా గెలిచినారు."

పక్కూరు గెలిచిందన్న మాట మా నాయన నోట నవ్వుతూ రావడం నేను విన్నది ఆ ఒక్కసారే.