తోటకి నీళ్లు కట్టెయ్యి

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. మాస్టారు నా పలక ఎత్తి పట్టుకుని, రాస్తే ఇలా రాయాలని మిగతావాళ్లకు చూపించేవారు. ఆ చేతిరాత చూసే పంపుహౌసులో ఉద్యోగం ఇచ్చారు. ఆ చేతిరాతే ఒకసారి నా పరువు తీసింది.

ముప్పై నాలుగేళ్లు ఈ పట్నానికి మంచినీళ్లు పంపాను. ఇనుప కడ్డీ ఒక కొన రోడ్డుకు, రెండో కొన చెవికి ఆనించి, భూమిలో గొట్టం ఎక్కడ కారుతోందో జానెడు తేడా లేకుండా చెప్పేవాణ్ణి. అందుకే నన్ను కడ్డీ మేస్త్రి అనేవారు. మిషన్లు వచ్చాక కూడా, మిషను చెప్పింది నిజమో కాదో చూడమని నన్నే పిలిచేవారు. నా హయాంలో ట్యాంకు ఒక్కసారి కూడా పొర్లలేదు. ఇద్దరు ఇంజినీర్లు నా దగ్గర పని నేర్చుకుని పై పదవులకు పోయారు. వాళ్లు ఒప్పుకోకపోతే అది వాళ్ల సంస్కారం.

ఇప్పుడు రాసేది మాత్రం ఒక ఎండాకాలం సంగతి. దాని గురించి మా వియ్యంకుడు పట్నమంతా ఒక కథ చెప్పుకు తిరుగుతున్నాడు. అందులో సగం అబద్ధం. మిగతా సగం నిజమని నేనే రాసేస్తే ఆయన నోటికి పని తప్పుతుంది.

వియ్యంకుడంటే నా కోడలి తండ్రి. పట్నం నడిమధ్యనున్న తోటకు పెద్ద తోటమాలి. గడ్డి పెంచి, దాని మీద ఎవరూ నడవకూడదని బోర్డు పెట్టే రకం. ఆ గడ్డి ఒక్క రోజు తాగే నీళ్లు సగం పట్నం గొంతు తడుపుతాయి. సంబంధం కలుపుకున్న రోజే ఆయనతో ఆ మాట అన్నాను. ఆయన నవ్వలేదు. మా గొడవ అక్కడ మొదలైంది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మంచినీళ్ల చెరువులో కొలబద్ద మీద పదకొండు అడుగులున్నాయి. సున్నా కిందకు దిగితే బురదే, పంపు లాగదు. కాలవ వదిలేది నలభై నాలుగు రోజులకు. కొళాయిలు రోజుకు నలభై నిమిషాలు వదిలితే చెరువు మూడంగుళాలు దిగుతుంది. నోటిలెక్కే కదా, నూట ముప్పై రెండు అంగుళాలు, రోజుకు మూడు. తోటకు చుక్క ఇవ్వకపోతే సరిగ్గా సరిపోతాయి. నేను పొద్దున్నే చెప్పిన ఈ ముక్కను ఇంజినీరు కాగితం మీద తేల్చేసరికి పదకొండయింది.

"అయితే ఇవాళ్టి నుంచి తోటకి బంద్, మేస్త్రీ," అన్నాడు.

ఆ కబురు అందడమే ఆలస్యం, వియ్యంకుడు పంపుహౌసులో ఊడిపడ్డాడు.

"బావగారూ, నా తోట మీద మీకింత కక్ష ఉందని తెలిస్తే మీ ఇంటికి పిల్లనిచ్చేవాణ్ణే కాదు."

"కక్ష కాదు బావగారూ, లెక్క. మనుషులు తాగాలా, గడ్డి తాగాలా?"

"పద్దెనిమిదేళ్లు పెంచానండీ దాన్ని!"

"పెంచారు. పాలిస్తుందా?"

"మీ పంపు మాత్రం ఏం చేస్తుంది? రోజంతా గుర్రుమంటుంది, అచ్చం మీలాగే."

ఒంటిగంటకు నా షిఫ్టు అయిపోతుంది. తర్వాత వచ్చే మనిషి కొత్తవాడు. ముప్పై ఏళ్లు వేరేవాళ్ల పొలాల్లో పనిచేసి, అక్కడి బావులు ఎండిపోయాక మా దగ్గర చేరాడు. నెమ్మదస్తుడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. నోటిమాటయితే అనలేదు, వినలేదు అని పేచీలొస్తాయని, అతనికి చెప్పాల్సింది నల్లబోర్డు మీద రాసిపెట్టి వెళ్లేవాణ్ణి. ఆ రోజు గుండ్రటి అక్షరాలతో, ప్రతి రోజుకూ వర్తిస్తుందని కింద గీత గీసి మరీ రాశాను: తోటకి నీళ్లు కట్టెయ్యి.

మర్నాడు పొద్దున తోట వాల్వు చూస్తే గట్టిగా బిగించి ఉంది. భేష్ అనుకున్నాను. కొలబద్ద దగ్గరకు వెళ్తే చెరువు ఏడంగుళాలు దిగి ఉంది.

నాలుగంగుళాలు ఎక్కువ! ఎక్కడో పెద్ద గొట్టం పగిలి ఉంటుందని కడ్డీ పట్టుకుని బయల్దేరాను. రోడ్డు మీద బోర్లా పడుకుని విన్నాను. దర్జీ షాపు ముందు నిలువెత్తు గొయ్యి తవ్వించాను. గొట్టం ఎముకలా పొడిగా ఉంది. "మీకు చెవుడొచ్చిందేమో చూపించుకోండి మేస్త్రీ," అన్నాడు దర్జీ. రెండో రోజూ ఏడంగుళాలు పోయాయి. ఇక నా అనుమానమంతా ఒకే మనిషి మీదికి మళ్లింది.

మూడో రోజు మధ్యాహ్నం తోటకు వెళ్లాను. గడ్డి మీద చీలమండ లోతు నీళ్లు. వియ్యంకుడు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు.

"దొంగ లైను ఎక్కడ వేశారు?" అని అరిచాను.

"దొంగ లైనా? మూడు రోజుల్నుంచి మీ పంపే పంపిస్తోంది. మీకు బుద్ధొచ్చిందనుకున్నాను. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను కూడా, మీ మామగారు మనిషయ్యాడమ్మా అని."

పంపుహౌసుకు పరుగెత్తాను. ఆయన నా వెనకే వచ్చాడు. రెండో షిఫ్టు మనిషి వాల్వు పక్కనే కూర్చుని ఉన్నాడు.

"ఎవడయ్యా నిన్ను తోట వాల్వు తెరవమన్నది?"

"మీరే కదన్నా." బోర్డు చూపించాడు. "నీళ్లు కట్టెయ్యమన్నారు, కడుతున్నాను. మడి నిండేంత పారగానే మూసేసే పోతున్నాను. ఎక్కువ పెట్టలేదన్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంట్లో కొళాయి కట్టెయ్, ఫ్యాను కట్టెయ్ అంటే ఆపమని. పొలంలో బతికినవాడికి నీళ్లు కట్టడమంటే పారించడం. నేనూ పల్లెలో పుట్టినవాణ్ణే, మా నాన్న చేనుకు నీళ్లు కడుతుంటే పక్కన నిలబడ్డవాణ్ణే. ఇన్నేళ్లూ వాల్వులు తిప్పీ తిప్పీ ఆ మాట మర్చిపోయాను.

వియ్యంకుడు బోర్డు మీది అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుని పైకి చదివాడు. "ఎంత ముద్దుగా రాశారు బావగారూ!"

ఇంజినీరు వచ్చి తల పట్టుకున్నాడు. "ఇతన్ని మాన్పించేద్దాం. నోటీసులో సాంకేతిక లోపం అని రాద్దాం."

"రాత నాది. మాన్పిస్తే నన్ను మాన్పించండి," అన్నాను. వియ్యంకుడు చూస్తుండగా ఆ మాట అనాల్సి రావడం నేను చచ్చేదాకా మర్చిపోను. "కానీ ముందు లెక్క వినండి. పోయినవి పన్నెండు అంగుళాలు. మిగిలినవి నూట పదకొండు, రోజులు నలభై ఒకటి. కొళాయి ముప్పై ఆరు నిమిషాలు వదిలితే గట్టెక్కుతాం. ఒక్క నిమిషం ఎక్కువైనా చివర్లో పట్నం ఖాళీ బిందెలతో నిలబడుతుంది."

నోటీసు నేనే రాశాను. నేను మాట తప్పుగా రాయడం వల్ల నాలుగు రోజుల నీళ్లు తోటలో ఇంకిపోయాయని రాసి, ప్రతి వీధి కొళాయి దగ్గరా నా చేత్తోనే అంటించాను.

జనం నన్ను ఉతికి ఆరేశారు. మూడో వీధిలో ఒకావిడ బిందె నా కాళ్ల ముందు ఎత్తి పడేసింది. "నాలుగు నిమిషాలంటే నాకు రెండు బిందెలు. నీ అక్షరాలకి నా బిందెలు ఎందుకివ్వాలయ్యా?" ఆవిడ కొళాయి చుక్కలు కారుతుంటే వాషరు మార్చి వచ్చాను. ఆ నలభై ఒక్క రోజుల్లో రెండొందల పన్నెండు వాషర్లు మార్చాను. ఎవరూ మెచ్చుకోలేదు. మా గేటు మీద ఎవరో సుద్దతో 'కట్టెయ్యి' అని రాశారు. చెరిపితే మళ్లీ రాశారు.

ఇంట్లో కోడలు అడిగింది. "మామయ్యా, మన వీధికీ ముప్పై ఆరేనా?"

"మన వీధికి ముప్పై నాలుగు."

"మా నాన్న మీద కోపం నా బిందెల మీద చూపిస్తున్నారు," అంది.

"నా తప్పుకి మన వీధి రెండు నిమిషాలు ఎక్కువ జరిమానా కట్టాలమ్మా," అన్నాను.

నలభై నాలుగో రోజు మధ్యాహ్నం కొలబద్ద సున్నాకు రెండంగుళాల పైన ఉండగా కాలవ వచ్చింది. ఎర్రటి నీళ్లు చెరువులోకి దూకుతుంటే గట్టు మీద నేనొక్కణ్ణే ఉన్నాను. పది నిమిషాల్లో వియ్యంకుడు దిగాడు.

"కాలవ వచ్చిందిగా. తిప్పండి నా వాల్వు."

"చెరువు తొమ్మిదడుగులు నిండాక."

"పదహారు రోజులు పడుతుంది! అప్పటికి వేళ్లు కూడా మిగలవు!"

"రాళ్లు పరచండి బావగారూ. రాళ్లు తాగవు."

"మీ మనవడికి చెబుతాను, మీ తాత ఎలాంటివాడో!"

"చెప్పండి. లెక్కతో సహా చెప్పండి."

పదహారు రోజులూ ఆ వాల్వు తాళం నా జేబులోనే ఉంది. కొలబద్ద తొమ్మిదడుగులు చూపించిన రోజు, గడ్డికి కాకుండా చెట్లకు మాత్రమే చాలేలా రెండు తిప్పులు తిప్పాను. బోర్డు మీద ఏమీ రాయలేదు. రెండో షిఫ్టు మనిషిని చెయ్యి పట్టుకుని వాల్వు దగ్గరకు తీసుకెళ్లి, ఎంత తెరిచానో కళ్లతో చూపించి, తాళం అతని చేతిలో పెట్టి ఇంటికి వెళ్లాను.