వీడియో గేముకు పెట్టిన బొట్టు

ఇది రెండు ఇండ్ల మధ్య జరిగిన మహా సంగ్రామ గాథ. ఇందులో పండుగ ఉంది, నమ్మకద్రోహం ఉంది, తెల్లని దేహం మీద ఎర్రని మరకలున్నాయి, కొడుకు చేయి పట్టుకొని ఎదుటివాళ్ల గడప తొక్కిన తల్లి ఉంది. ఇట్లా మొదలుపెడితే మీరు చివరిదాకా చదువుతారని నా ఆశ. నిజానికి ఇది ఒక ప్లాస్టిక్ డబ్బాను తుడిచిన సంగతి.

మొన్న ఆదివారం మా అమ్మాయి తన వీడియో గేమును తుడుద్దామని ఫోనులో ఒక వీడియో పెట్టుకొని కూర్చుంది. పాత వీడియో గేమును పైపైన ఎట్లా శుభ్రం చేయాలో ఒకాయన చేతులకు తొడుగులు వేసుకొని, ఆపరేషన్ చేసే డాక్టరంత గంభీరంగా, పద్దెనిమిది నిమిషాలు చెప్పాడు. పక్కన చిక్కుడుకాయలు తుంచుతూ నేనూ విన్నాను. దుమ్ము గురించి చెప్పాడు, చెమట గురించి చెప్పాడు, సిగరెట్ పొగ గురించి కూడా చెప్పాడు గానీ పసుపు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మన కాలం వాళ్లయితే మొదట అదే అడిగేవాళ్లు.

తొంభైల మొదట్లో బాపు ఉద్యోగం కోసం మేము నంగునూరు నుంచి సిద్దిపేటకు వచ్చి కిరాయి ఇంట్లో దిగాము. కొత్త బడిలో నాకు వారంలోనే స్నేహితురాళ్లు దొరికారు, ఎందుకంటే నేను నోరు మూసుకునేదాన్ని కాదు. మా అన్న నోరు తెరిచేవాడు కాదు. పల్లెటూరివాడని వెక్కిరించే ఆ తరగతిలో అతని పక్కన కూర్చోవడానికి ఒప్పుకున్నది ఒక్కడే, మా వెనక గల్లీలో ఉండే టైలర్ చాచా కొడుకు. ఆ ఒక్కడూ దూరమైతే అన్నకు మాట్లాడడానికి మిగిలేది నేనే. ఆ ప్రమాదం అతనికీ తెలుసు.

ఆ పిల్లవాడికి సౌదీలో ఉన్న మేనమామ ఒక వీడియో గేము పంపాడు. పాల రంగు డబ్బా, పైన సన్నని గీతలు. చాచా దానికి మిగిలిపోయిన మఖమల్ ముక్కతో, అంచుకు పైపింగు వేసి మరీ గలీబు కుట్టాడు. మా పండుగ బట్టల కన్నా దాని బట్టలే బాగుండేవి. మేనమామ సెలవు మీద వచ్చేసరికి కొత్తదానిలా కనిపించాలని చాచీ రోజూ మెత్తని బనియను గుడ్డతో తుడిచేది. అట్లాంటి దాన్ని, నాలుగు రోజులు తల్లిని బతిమాలి ఒప్పించి, దసరాకు ఒక్కరోజు ఆడుకొమ్మని ఆ పిల్లవాడు తెచ్చి అన్న చేతిలో పెట్టాడు.

దసరా పొద్దున నాయినమ్మ సైకిలుకు, కత్తిపీటకు, బాపు స్కూటరుకు, టీవీకి పసుపు కుంకుమలు పెట్టుకుంటూ వచ్చి, టీవీ ముందు మెరుస్తున్న కొత్త వస్తువును చూసి, దాన్నొక్కదాన్నే చిన్నబుచ్చడం ఎందుకనుకొని, మూడు వేళ్లతో నిండుగా పసుపు రాసి బొట్టు పెట్టింది. అడ్డుపడాల్సిన అన్న స్నానానికి పోయాడు. చూస్తూ నిలబడ్డ నేను బాగుందన్నాను.

కుంకుమ తుడిస్తే పోయింది. పసుపు పోలేదు. తడిగుడ్డతో రుద్దితే మూడు పట్టీలు కలిసి అరచేయంత మచ్చ అయింది. అన్న సబ్బు పెట్టాడు. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మీకు తెలుసు, డబ్బా ఎర్రబడింది. బాపు స్కూటరులోంచి పెట్రోలు తీస్తానన్నాడు, అమ్మ వద్దంది. మంచికి పెట్టిన బొట్టుకు ఇంత లొల్లి ఏందని నాయినమ్మ అలిగింది. డబ్బా మొత్తానికి పసుపు పూస్తే ఒకే రంగు వస్తుంది కదా అని నేను సలహా ఇచ్చాను. ఎవరూ నవ్వలేదు. సాయంత్రం అందరూ జమ్మి పంచుకుంటుంటే అన్న గడప దాటలేదు. గేము చక్కగానే నడుస్తుంది, అతని భయం దాని గురించి కాదు. సెలవులైపోయాక బెంచీ మీద తన పక్కన ఎవరు కూర్చుంటారని అమ్మను అడిగాడు. అప్పుడు మాత్రం నేను కూడా నోరు మూసుకున్నాను, ఒక పావుగంట.

మర్నాడు పొద్దున అమ్మ డబ్బాను చంకలో పెట్టుకొని, అన్న చేయి పట్టుకొని చాచా ఇంటికి బయలుదేరింది. జరగబోయే యుద్ధం చూడడానికి నేను వెనకే పోయాను. ఆ పిల్లవాడు గలీబు తీసి మరకను చాలాసేపు చూశాడు.

"గిదేంది?"

"మా నాయినమ్మ బొట్టు పెట్టింది," అన్నాడు అన్న, నేల చూస్తూ.

"దీనికెందుకు?"

"మంచిగ నడవాలని."

"మరి నడిచిందా?"

"నడిచింది. నేనే ఓడిపోయిన."

ఆ పిల్లవాడు ఆపుకోలేక నవ్వాడు. లోపల కాజాలు కుడుతున్న చాచీ చేతిలో సూదితోనే బయటికి వచ్చింది. పెద్దామె తెలియక చేసిందని, మనసులో పెట్టుకోవద్దని అమ్మ దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చాచీ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమనుకుంటనక్కా, పసుపే గద. మా తానకొచ్చే పెండ్లి బట్టలకు దినాం అంటుతనే ఉంటది. ఎండల పెట్టుర్రి."

పెట్టారు. వాకిట్లో మంచం మీద డబ్బాను పడుకోబెట్టి, కాకులు పాడుచేయకుండా ఇద్దరూ చెరో పక్క కూర్చొని, అప్పడాన్ని తిప్పినట్టు తిప్పుతూ కాపలా కాశారు. మా అన్నకు అన్ని మాటలు వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. సెలవుల తర్వాత బెంచీ మీద ఎవరి జాగాలో వాళ్లు కూర్చున్నారు. ఇక సౌదీ నుంచి వచ్చిన మేనమామ మూడు రోజులు నిద్రపోయాడు. డబ్బా ఎట్లా ఉందని అడగనే లేదు.

ఇప్పుడు మా అమ్మాయి డబ్బా మీద మరక పడితే అది దాని సొంత మరక. ఎవరి గడపా తొక్కనక్కరలేదు, ఎవరికీ చెప్పుకోనక్కరలేదు. ఒకరి వస్తువును అడిగి తెచ్చుకొని, గుండెలు అరచేతిలో పెట్టుకొని కాపాడి, అయినా పాడుచేసి, తలవంచుకొని తిరిగిచ్చే పని మనం ఎప్పుడు మానేశామో నాకు గుర్తు లేదు. సుఖంగానే ఉంది. ఎందుకో కొంచెం ఖాళీగానూ ఉంది.

దసరా ఎండకు పసుపు మరక పోవడానికి రెండున్నర గంటలు పడుతుంది. గీతల సందుల్లో ఇరుక్కున్నదానికి ఇంకో పూట.