తోమినకొద్దీ తేలిన పేరు

నేను అందగాణ్ణని చిన్నప్పుడు నాకు గట్టి నమ్మకం. మా ఇంట్లో అద్దం ఉండేది కాదు, అమ్మ తోమి బోర్లించిన స్టీలు పళ్ళెం అడుగునే మొహం చూసుకునేవాణ్ణి. మంగలి దుకాణంలో అసలు అద్దం చూశాక గాని, పళ్ళెం ఎంత మర్యాదగా అబద్ధమాడిందో తెలియలేదు. చదువు అయిదో తరగతిలోనే వదిలేశాను గాని ఆ భ్రమ వదలడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఇప్పుడు సింకు దగ్గర నిమ్మకాయ వాసన సబ్బుతో గిన్నెలు తోముతున్నా, నా ముక్కుకి తడి బూడిద వాసనే తగులుతుంది.

కోటబొమ్మాళి దగ్గర మా ఊళ్ళో అమ్మవారి సంబరం వస్తోందంటే, ఆడవాళ్ళంతా నూతి గట్టు మీద సామాను కుప్పపోసి, పాత చీరముక్కలో జల్లించిన పొయ్యి బూడిద, కొబ్బరి పీచు, చింతపండు పిప్పి దగ్గర పెట్టుకుని, మోచేతుల దాకా నల్లబడుతూ, గిన్నెలతో పాటు ఊళ్ళో వాళ్ళందరినీ కూడా తోమేసేవారు. కడిగినవి నులక మంచం మీద ఎండబెడితే వాటి మీంచి లేచిన వెలుగు మచ్చలు గోడల మీద గెంతేవి. మేం పిల్లలం తలో పళ్ళెం పట్టుకుని, అరుగుల మీద కునికే తాతల కళ్ళల్లోకి ఆ వెలుగు కొట్టి పారిపోయేవాళ్ళం. లోపల బూరెలు వేగే వాసన, బయట బూడిద వాసన, రెండూ కలిస్తేనే నాకు పండగ. అందరి పనీ అయ్యాక అమ్మ మాత్రం ఆరిన స్టీలుకి పొడి ముగ్గుపిండి రాసి మెత్తటి గుడ్డతో రుద్దేది. ఆ మెరుపు ఊళ్ళో ఇంకెవరి సామానుకీ రాదని ఆమె గర్వం.

వానలు పడని ఓ ఏడాది, అమ్మ పెళ్ళికి మా మావ కొనిచ్చిన స్టీలు సామానంతా బజారుకి వెళ్ళిపోయింది. మావ అంటే అమ్మకి అన్న, గరివిడిలో ఫ్యాక్టరీ పని చేసేవాడు. మేం సత్తు కంచాల్లోకి దిగిపోయామని అన్నకి తెలియకూడదని అమ్మ పంతం. అందుకే మావ సంబరానికి వస్తున్నాడని కబురందగానే పక్కింటి పిన్ని దగ్గర పళ్ళేలు, గళాసులు అడిగి తెచ్చింది. వాటన్నిటి మీదా ఆ పిన్ని మొగుడి పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉంది. అమ్మ సరిగ్గా ఆ పేరు మీదే బూడిద పెట్టి అరిగేలా తోమింది. తడిసి ఉన్నంతసేపూ పేరు కంటికి ఆనలేదు. ఆ ధైర్యంతోనే, అలవాటు కొద్దీ ముగ్గుపిండి కూడా రాసేసింది. పిండి వెళ్ళి ఆ చుక్కల సందుల్లో కూర్చుంది. తీరా వడ్డించే వేళకి, పలక మీద దిద్దినట్టు తెల్లటి అక్షరాలు తేలాయి. గుడ్డ తడిపి తుడిచే వ్యవధి లేదు. అమ్మ గబగబా పళ్ళేల మీది పేర్లు అన్నంతో కప్పేసి, ప్రతి గళాసూ పేరున్న వైపు గోడకి తిప్పి పెట్టింది.

మావ పప్పు కలుపుకుని నీళ్ళకని గళాసు ఎత్తాడు. దాన్ని ఇటు తిప్పి అక్షరాలు చదివాడు.

"ఈ అప్పన్న ఎవలమ్మీ?" అన్నాడు. మళ్ళీ, "మన గళాసులేవి?" అన్నాడు.

నాన్న పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. అమ్మ నిండుగా ఉన్న మావ పళ్ళెంలో ఇంకా ఇంకా అన్నం పెడుతూనే ఉంది. మావ గళాసు కింద పెట్టి, తనే మెల్లగా పేరు గోడవైపుకి తిప్పేశాడు. ఆ పూట ఆయన నీళ్ళు తాగలేదు.

ఇప్పుడు ఆ నుయ్యి పూడ్చేశారు. బూడిద జల్లించే పొయ్యిలు లేవు, మావ కూడా లేడు. మా ఇంట్లో మాత్రం అటక నిండా స్టీలే. మొన్న ఎదురింట్లో అద్దెకున్న అమ్మాయి, కొడుకు పుట్టువెంట్రుకలకని మా బేసిన్లు పట్టుకెళ్ళింది. ఒకటి తిరిగి రాలేదు. నేనూరుకోలేక, వీధిలో అందరూ వింటుండగా, మా బేసినుకి రెక్కలొచ్చినట్టున్నాయి, ఆకాశంలో వెతుకుతున్నానన్నాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. చీకటి పడకముందే బేసిను తెచ్చి గుమ్మంలో పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సామానంతా గోనెలో వేసుకుని, పేర్లు చెక్కించడానికి బజారుకి బయల్దేరాను. గుమ్మంలో కూర్చున్న అమ్మని, ఇంత సామానుంటే ఒక్కదాని మీదైనా పేరు వేయించలేదేమని దెప్పాను.

"అడిగి అట్టుకెళ్ళినోళ్ళు పేరు గోడకి తిప్పుకుని తినాలేటిరా? ఆ గోని కింద ఎట్టు."