షరీఫా మేడమ్ చెప్పిన ఇటలీ పాఠం

ఆన్‌లైన్ మీటింగ్ బయట ఎవరైనా వచ్చి ఆగితే కంప్యూటర్‌లో టింగ్ మని చిన్న చప్పుడు వస్తుంది. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఆ చప్పుడు వినగానే నా చేయి మౌస్ మీదికి ఎంత కంగారుగా పోయిందంటే, పక్కనున్న టీ కప్పు బోర్లాపడి టేబుల్ గుడ్డంతా తడిసింది. "గింత ఆగమెందుకే, రెండు నిమిషాలు బయటుంటే ఏమైతది?" అన్నాడు మా ఆయన. ఏమవుతుందో ఆయనకేం తెలుసు! ఒక మనిషిని బయట నిలబెట్టి లోపల మిగిలినవాళ్లం హాయిగా పాఠం చెప్పుకోవడం ఎంత తేలికో కళ్లారా చూసినదాన్ని నేను. ఆ చప్పుడు వింటే నాకు షరీఫా మేడమ్ గుర్తొస్తుంది.

షార్జాలో మేముండే బిల్డింగ్‌లోనే, మా అంతస్తులోనే ఉండేది ఆవిడ. ప్రొద్దుటూరు మనిషి. మాది ఒకటే స్కూలు. ఆవిడ పదో తరగతి అమ్మాయిలకు సోషల్ చెప్పే సీనియర్, నేను వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన జూనియర్ని. 2020లో కరోనా వచ్చి బడి ఇళ్లలోకి వచ్చిపడ్డాక, ఆవిడ క్లాసులో రెండో టీచరుగా నన్ను వేశారు. హాజరు తీసుకోవడం, బయట ఆగిన పిల్లల్ని లోపలికి రానివ్వడం, ఇంతే నా పని. క్లాసులో ఆవిడ ఇంగ్లీషు తప్ప మరో మాట మాట్లాడేది కాదు. క్లాసవగానే ఫోన్ చేసి కడప తెలుగులో నన్ను దులిపేది. "ఏందమ్మీ, ఆ మొగం? పిల్లోళ్లు నిన్ను చూసి జడుసుకుంటాండారు" అనేది.

మొహం అలా ఉండక ఎలా ఉంటుంది? ఆ ఏడు ఇక్కడున్న తెలుగువాళ్లెవరిని కదిపినా అదే భయం. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే పెట్టె సర్దుకోవాల్సిందే. మేడమ్ వాళ్లాయన ఖాదర్ అన్న పనిచేసే గ్యారేజీ ఇండస్ట్రియల్ ఏరియాలో మూతపడింది. ఆయన్ని మేడమ్ తన వీసా మీదికి మార్చుకుంది. అంటే ఆవిడ ఒక్క సంతకం మీద ఇద్దరి బతుకూ నిలబడి ఉంది. మార్చితో మా అందరి కాంట్రాక్టులూ అయిపోతాయి, ఈసారి కొందరికి మళ్లీ ఇవ్వరని స్కూల్లో గుసగుసలు. నేను రోజూ దేవుడికి దండం పెట్టుకుంటూ, మేనేజ్‌మెంట్‌కి మనసులో ఇంకో దండం పెట్టుకుంటూ బతుకుతున్నాను.

అలాంటి రోజుల్లో వచ్చింది ఇటలీ పాఠం. ఆ దేశాన్ని ఇరవై ఏళ్లకు పైగా గుప్పిట్లో పెట్టుకున్న ఫాసిస్టు నియంత గురించి పుస్తకంలో ఉన్నది ఒక్క పేరా. మరొకరైతే పది నిమిషాల్లో ముగించేవారు. మేడమ్‌కి అది చాలలేదు. అప్పటికి క్లాసంతా సంత లాగా ఉండేది. ఒకరింట్లో కుక్కర్ కూత, ఒకరింట్లో మిక్సీ, ఇంకొకరి తమ్ముడి ఏడుపు. ఆవిడ అడిగింది, "ఈ గోల ఆపడానికి మీలో ఒకరికి అధికారం ఇద్దామా?" తెర మీద పసుపుపచ్చ చేతి బొమ్మలు టపటపా లేచాయి. అనఘ అనే అమ్మాయిని ఎన్నుకున్నారు. కేరళ పిల్ల, మర్యాదస్తురాలు, క్లాసులో మొదటి ర్యాంకు. గోల చేసేవాళ్ల మైకు ఆపే అధికారం మొదట ఇచ్చారు.

రోజూ పాఠం కొంచెం, అధికారం కొంచెం నడిచాయి. ఆ నియంత కూడా కొన్నాళ్లు బడిపంతులేనని, తర్వాత పత్రిక నడిపాడని ఆవిడ చెప్పింది. యుద్ధంలో చితికి, సమ్మెలతో విసిగి, రేపేమవుతుందోనని బెదిరిపోయిన జనానికి క్రమశిక్షణ తెస్తానన్నాడట. ఆయన అనుచరులు, నల్లచొక్కాల వాళ్లు రాజధాని మీదికి కదిలితే రాజు బెదిరి ఈయన్నే పిలిచి కుర్చీ ఇచ్చాడట. ఫోన్లో నాతో అదే సంగతి చెబుతూ మేడమ్ నవ్వింది. "వానలో తడుస్తా నడిచింది వాళ్లు, అమ్మీ. ఈ పెద్దమనిషి రైల్లో పండుకోని వచ్చినాడు." తర్వాత ఎన్నికల చట్టం మార్చాడు, ఎదురు మాట్లాడిన పార్లమెంటు సభ్యుణ్ణి ఆయన మనుషులే చంపారు, పత్రికల నోళ్లు కట్టేశారు. ఇటు మా క్లాసులో, పిల్లలు రాసుకునే చాట్ మూసే అధికారం అనఘకి వెళ్లింది. తర్వాత, గోల చేసేవాళ్లను క్లాసు బయటికి పంపే అధికారం. ఆఖరికి నా చేతిలో ఉన్నది కూడా పోయింది. ఎవరిని లోపలికి రానివ్వాలో ఇక అనఘే చూసుకుంటుందని వోటేశారు. ప్రతిసారీ వోటే, ప్రతిసారీ చప్పట్లే. ఆ తర్వాత వారంలో ఇదంతా విప్పి, ఏం జరిగిందో పిల్లలచేతే చెప్పించాలని మేడమ్ లెక్క.

ఆ లెక్క తప్పించింది సూపర్‌వైజర్. ఒకరోజు క్లాసులోకి తొంగిచూసి, సూది పడితే వినబడేంత నిశ్శబ్దం చూసి మురిసిపోయింది. స్టాఫ్ మీటింగ్‌లో అందరి ముందూ మేడమ్‌ని మెచ్చుకుంది. వచ్చే బుధవారం యాజమాన్యం తరఫున పెద్దలు వచ్చి ఈ క్లాసు చూస్తారని, బాగుంటే స్కూలంతా ఇదే పద్ధతి పెడతామని చెప్పింది. కాంట్రాక్టుల సంగతి మర్నాడు, గురువారం తేలుస్తారు. నాకైతే నెత్తిన పాలు పోసినట్టయింది. మేడమ్ ఉద్యోగానికి ఇక ఢోకా లేదు, ఆవిడ నీడలో నాదీ నిలబడుతుంది.

మంగళవారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఖాదర్ అన్న పాలు లేని సులేమానీ టీ కలిపి ఇచ్చాడు. మేడమ్ మొహంలో సంతోషం లేదు.

"రుక్సానా ఎన్నాళ్లాయ మాట్లాడి?" అని అడిగింది.

ఆ పేరు మా పదో తరగతి పిల్లది. రుక్సానా వాళ్లది ఒకటే గది. టైలర్ షాపు మూతపడ్డాక వాళ్ల నాన్న మిషను ఇంట్లోనే వేసుకున్నాడు. ఆ పిల్ల మైకు తెరిస్తే మిషను చప్పుడే ముందు వినిపిస్తుంది. పైగా ప్రశ్నలెక్కువ అడుగుతుంది. అనఘ మొదట ఆమెను అప్పుడప్పుడు బయటికి పంపింది, తర్వాత లోపలికి రానివ్వడమే మానేసింది. పిరియడంతా ఆ పేరు బయటి జాబితాలో నాకు కనిపిస్తూనే ఉండేది. పిల్లలెవరూ ఆమె ఏదని అడగలేదు.

"రేపే తీసేస్తా ఇదంతా" అంది మేడమ్.

"రేపు బుధవారం మేడమ్. పెద్దసార్లు వస్తున్నరు. ఒక్క రోజు ఆగుండ్రి. గురువారం సంతకమైనంక తీసేద్దాం" అన్నాను. బతిమాలాననే చెప్పాలి. ఖాదర్ అన్న కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

మేడమ్ కప్పు పక్కన పెట్టింది. తర్వాత నా మోకాలి మీద చేయి వేసింది. "ఆ దేశంలో దుర్మార్గులు శానామంది ఉండార్లే గానీ, నీ మాదిరి నా మాదిరి మంచోళ్లే ఎక్కువమ్మీ. అందురూ బేస్తవారం దాకా ఆగుదామనుకున్నోళ్లే."

ఖాదర్ అన్న లేచాడు. "నీ ఇష్టం షరీఫా" అని కప్పులు తీసుకుని లోపలికి వెళ్లాడు. గొంతులో కోపం లేదు. భయం మాత్రం ఉంది.

బుధవారం క్లాసులో పెద్దలు తెర మీద వరుసగా కూర్చున్నారు. మేడమ్ మామూలుగా మొదలుపెట్టి, "అనఘా, ఇక నీ అధికారాలన్నీ తిరిగి ఇచ్చేయమ్మా" అంది. ఆ పిల్ల ఎంతో వినయంగా, "క్లాసు ఒప్పుకోవాలి కదా మేడమ్, వోటు పెట్టండి" అంది. వోటు పెట్టింది మేడమ్. తీసేయాలని లేచినవి నాలుగైదు చేతులే. పరీక్షలు దగ్గరికొచ్చాయి, ఈ నిశ్శబ్దం అందరికీ బాగుంది. మేడమ్ ఇంకేదో చెప్పబోయింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. వోటయ్యాక ఎవరూ మాట్లాడకూడదని వాళ్లు పెట్టుకున్న నియమం ప్రకారం అనఘ టీచరు మైకు ఆపేసింది.

పెద్దల్లో ఒకాయన నవ్వాడు, ముచ్చటపడ్డాడు కూడా. మేడమ్ నవ్వలేదు. పక్కనున్న తెల్లకాగితం తీసుకుని, మార్కర్‌తో రాసి, కెమెరాకు ఎదురుగా పట్టుకుంది. 'రుక్సానా ఎక్కడ?' అంతే రాసింది. చేయి నొప్పెడితే ఇంకో చేత్తో పట్టుకుంది గాని దించలేదు. సూపర్‌వైజర్ నా ఫోన్‌కి, ఏమిటిదంతా అని మెసేజీల మీద మెసేజీలు పెడుతోంది. కాసేపటికి ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. సగం తెర పసుపుపచ్చగా అయ్యేసరికి అనఘ కళ్లు తుడుచుకుంటూ కనిపించింది. రుక్సానాని లోపలికి రానిచ్చింది, అందరి మైకులూ తెరిచేసింది. కుక్కర్లూ, మిక్సీలూ, పసిపిల్లలూ, కుట్టుమిషనూ అన్నీ ఒక్కసారి పెద్దల చెవుల్లో పడ్డాయి.

గురువారం మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేసింది. "ఖలాస్ అమ్మీ. నాకు ఇయ్యలా. నీకు ఇచ్చినారంట, మబ్రూక్." అరబ్బీలో ఆ అభినందన వినగానే నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ ఆగి, "ఈపొద్దు నన్ను ఆఫీసుకు పిలిచిరి, క్లాసుకు రాలేకపోతి. రుక్సానా వచ్చిండెనా?" అని అడిగింది. వచ్చిందని, రెండు ప్రశ్నలడిగిందని చెప్పాను. "ఏమడిగె?" అంది. ఉద్యోగం పోయిన మనిషికి ఆ రెండు ప్రశ్నలూ వివరంగా చెప్పాల్సి వచ్చింది.

కాంట్రాక్టు మార్చి దాకా ఉంది, ఇక్కడ అప్పట్లో బడి సెలవులు శుక్ర, శనివారాలు; అందుకని మిగిలిన పాఠం ఆదివారం ఆవిడే చెప్పింది. మా ఇంట్లో నెట్ పోయిందని ఆ పూట నేను వాళ్లింట్లో, కెమెరాకు కనబడకుండా పక్కన కూర్చున్నాను. ఓడిపోతున్న యుద్ధం మధ్యలో, ఇన్నేళ్లూ భజన చేసిన సొంత పార్టీ మండలే ఆయనకు ఎదురు వోటేసిందని, రాజు పిలిచి పదవి తీసేసి పట్టించాడని చెప్పింది. జర్మన్లు విడిపించి మళ్లీ కుర్చీ ఎక్కించినా, ఆఖరికి వాళ్ల సైనికుడి కోటు తొడుక్కుని పారిపోతూ దొరికాడని, కాల్చేసి మిలాన్ నగరంలో తలకిందులుగా వేలాడదీశారని చెప్పింది. ఆ కూడలిలో అరిచినవాళ్లలో ఒకప్పుడు ఆయనకు చప్పట్లు కొట్టినవాళ్లు ఎంతమంది ఉంటారని అనఘ అడిగింది. మేడమ్, "ఆ ప్రశ్న నీకొచ్చింది చూడు, నాకదే చాలు తల్లీ" అంది.

గొంతు స్థిరంగా ఉంది. టేబుల్ కింద మాత్రం ఆవిడ చేతులు దుపట్టా కొసను మెలిపెడుతూ గడగడా వణుకుతున్నాయి. క్లాసవగానే అడిగాను, "బుధవారం మీకు భయం కాలేదా మేడమ్?"

"యాల కాదు? రేత్రంతా ఖాదరూ నేనూ కండ్లు మూయలా. ఈపొద్దు గూడా భయంగానే ఉంది, సూడు చేతులు."

వాళ్లు ప్రొద్దుటూరు వెళ్లిపోయారు. పదో తరగతి ఇప్పుడు నాది. నా భయం ఇంచు కూడా తగ్గలేదు, మార్చి వస్తే ఇప్పటికీ అన్నం సయించదు. కానీ ఆ వణికే చేతుల్ని చూసినప్పటి నుంచి, భయపడ్డాను కాబట్టి ఊరుకున్నానని నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.